కెమెరాకి కట్టిన గుమ్మడికాయ

ఈ కథలో నేను కల్పించిన ముక్క ఒక్కటి కూడా లేదు. డెబ్బై నాలుగేళ్ళ నోరు ఇది. అబద్ధానికి తిరగమన్నా తిరగదు.

ఇక చూడండి.

రాత్రి ఒంటిగంటా పది.

ఫోన్ వణుకుతుంది.

చంద్రరావు ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తాడు. కాకినాడ. ఆసుపత్రి. రెండో అంతస్తు. కుడికాలు విరిగింది. దాన్ని పైకెత్తి కట్టి, ఇటుకంత బరువు వేలాడదీశారు. మంచం దిగలేడు. పక్కకి ఒత్తిగిల్లలేడు.

చేతులు మాత్రం ఆడతాయి. ఫోన్ అందుకుంటాడు.

ఇంటి దగ్గర కెమెరా పిలుస్తోంది. వాకిట్లో ఏదో కదిలింది!

తెర మీద తెల్లటి వెలుగు. ఆత్రేయపురం పక్కన తన ఊరు. తన ఇల్లు. తన వాకిలి. కొత్త ఫ్లడ్‌లైట్ కెమెరా అంతా పట్టపగల్లా చూపిస్తోంది.

వాకిట్లో ఎవరూ లేరు.

గుమ్మడికాయ ఊగుతోంది. అంతే!

"ఛీ!"

ఆ గుమ్మడికాయ కట్టింది తనే. కెమెరా బిగించిన ఎలక్ట్రీషియన్ మణిశంకర్ చెప్పి మరీ వెళ్ళాడు. "దీని ముందు ఏదీ వేలాడదీయకండి మావయ్యగారూ. అది కదిలినా లైటు వెలుగుతుంది."

వింటాడా? ఊళ్ళో మరెవరింటికీ లేని కెమెరా. దారినపోయేవాళ్ళంతా ఆగి, తలెత్తి చూస్తున్నారు. దిష్టి తగలదూ? బూడిద గుమ్మడికాయకి పసుపూ కుంకుమా రాశాడు. ఉట్టిలో పెట్టాడు. నిచ్చెనెక్కి కెమెరా పక్కనే కట్టాడు.

ముడి గట్టిగా పడింది. ఆ వెనకే తనూ పడ్డాడు.

అప్పట్నుంచి మూడు రాత్రులు. గాలి వీస్తే గుమ్మడికాయ ఊగుతుంది. అది ఊగితే లైటు వెలుగుతుంది. లైటు వెలిగితే ఇక్కడ ఫోన్ వణుకుతుంది. చంద్రరావు పక్కింటి సత్తియ్యని లేపుతాడు. సత్తియ్య కర్ర పుచ్చుకుని పరిగెత్తుకొస్తాడు. గుమ్మడికాయని చూసి, ఒక తిట్టు తిట్టి వెళ్ళిపోతాడు.

పదకొండు సార్లు!

చంద్రరావు ఫోన్‌ని దిండు కింద పెట్టబోతాడు...

ఆగుతాడు.

గేటు తెరిచి ఉంది!

అంతలో లైటు ఆరిపోతుంది. ఇరవై సెకన్లు ఏదీ కదలకపోతే ఆరిపోవడం దాని పద్ధతి. చీకట్లో ఆ కెమెరాకి ఏమీ కనపడదు. బాగా దగ్గర్లో కదిలితే తప్ప లైటూ వెలగదు. చవకరకం.

చీకటి...

గాలి...

గుమ్మడికాయ!

టక్! వెలుగు!

నూతి పక్కన మనిషి!

మొహానికి తువ్వాలు. చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి. కొయ్యలా నిలబడిపోయాడు. కదలకపోతే లైటు ఆరిపోతుందని వాడికి తెలిసిపోయింది!

ఇరవై సెకన్లు.

చీకటి.

వసారాలో నవారు మంచం మీద వరహాలక్ష్మి ఉంది. చంద్రరావు భార్య. ఒక్కతే! ఇంట్లో ఉక్కపోత. "అంత లైటుండగా భయమేంటే, హాయిగా బయట పడుకో" అని సాయంత్రం ఆమెకి చెప్పింది ఎవరు?

తనే!

ఆమె ఫోన్ లోపల చార్జింగులో ఉంటుంది. పైగా నిద్రమాత్ర వేసుకుంటుంది.

సత్తియ్య! వాడొక్కడే దిక్కు.

"బాబాయ్..." అవతల నిద్ర గొంతు. "గుమ్మడికాయేనా?"

"కాదురా! మనిషి! కత్తి!"

"మొన్న కూడా కత్తన్నావు. తీరా చూస్తే కొబ్బరిమట్ట."

"ఒరేయ్ సత్తియ్యా, ఒట్టురా! మీ పిన్ని ఒక్కతే ఉందిరా!"

"పొద్దున్నే వచ్చి ఆ కాయ కోసేసి వడియాలు పెట్టించేస్తాను. నువ్వూ పడుకో, నన్నూ పడుకోనీ."

కట్!

మళ్ళీ చేస్తాడు.

స్విచ్ఛాఫ్!

పక్క మంచం మీద అబ్రహాము. హార్బరు నుంచి సముద్రం మీదికి వేటకెళ్ళే మనిషి. వల తాడు చుట్టుకుని కుడిచెయ్యి నలిగింది.

"అబ్రహాము గారూ! లేవండి! మీ ఫోన్‌తో పోలీసులకి చెయ్యండి! మా ఇంటి దగ్గర దొంగ!"

అబ్రహాము ఒక్క ఉదుటున లేస్తాడు. ఎడంచేత్తో నంబరు నొక్కుతాడు. చంద్రరావు చెప్పినట్టే ఊరూ, వీధీ, ఇంటి గుర్తులూ చెబుతాడు.

"బయల్దేరుతున్నారంటండి. పావుగంట."

"పావుగంటా!"

తెర ఇంకా నల్లగానే ఉంది. నూతి దగ్గర్నుంచి మంచానికి పన్నెండడుగులు. పావుగంటలో ఎన్నిసార్లు వచ్చి వెళ్ళొచ్చు!

"ఊగవే..." చంద్రరావు ఫోన్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు. "గుమ్మడికాయా, ఊగవే తల్లీ..."

మూడు రాత్రులు బూతులు తిట్టిన కాయకి దండం పెడుతున్నాడు.

టక్! వెలుగు!

వాడు వసారా మెట్టు మీద ఉన్నాడు!

ఇక ఆగడం లేదు వాడు. మంచం దగ్గరికి నడుస్తున్నాడు. వంగుతున్నాడు.

"దానికి మైకు లేదాండీ?" అబ్రహాము అరుస్తాడు.

ఉంది! మణిశంకర్ చూపించాడు! ఈ గుర్తు నొక్కితే...

"ఒరేయ్!!"

వసారా దద్దరిల్లుతుంది. దొంగ ఎగిరిపడతాడు.

"ఆవిడ మీద చెయ్యి వేశావో, కాకినాడ నుంచి వచ్చి మరీ నరుకుతాను!"

నాలిక కరుచుకుంటాడు.

దొంగ తలెత్తి కెమెరాలోకి చూస్తాడు. తువ్వాలు పైన రెండు కళ్ళు.

"కాకినాడలో ఉన్నారాండీ?" ఎంత మర్యాద! "రెండు గంటల దారి. నిదానంగా రండి."

అబ్రహాము నుదురు కొట్టుకుంటాడు.

చంద్రరావు మళ్ళీ మైకు నొక్కుతాడు. "ఆవిడ లేచి అరిచిందంటే వీధి వీధంతా వస్తుంది!"

"ఇంత గోలకీ లేవలేదేంటండీ మరి?"

"మాత్ర వేసుకుంటుందిరా, అందుకని..."

"చంద్రరావు గారూ!" అబ్రహాము రెండు చేతులూ, కట్టుతో సహా, జోడిస్తాడు. "మీరింకేం చెప్పకండి బాబూ!"

నిజంగానే ఆమె లేవలేదు. వేలు కూడా కదల్లేదు. దుప్పటి పైకీ కిందకీ ఆడుతోందా? ఆడటం లేదు!

చంద్రరావు తెరని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటాడు.

వరహాలు బతికే ఉందా?

కత్తి మొన ఆమె మెడలోని బంగారు నానుతాడు కిందకి దూరుతోంది. ఒక్క గుంజు గుంజుతాడు. కత్తి జారితే? తెగేది తాడా... గొంతా?

చంద్రరావు లేవబోతాడు. కాలి బరువు వెనక్కి లాగి పడేస్తుంది. ప్రాణం పోయినంత నొప్పి! మళ్ళీ లేవబోతాడు. మళ్ళీ పడతాడు. అరచేతిలో ఫోన్. అందులో వేలెడంత భార్య. చెయ్యి చాస్తే అందదు.

"ఆగు బాబూ!" ఈసారి గొంతులో కేక లేదు. "దండం పెడతాను. దాని జోలికి పోకు. అంతకన్నా పెద్దది ఉంది. లోపల."

కత్తి ఆగుతుంది.

"ఏంటండీ?"

"కాసులపేరు. నలభై కాసులు."

"ఎక్కడండీ?"

ఆ చోటు ఈ లోకంలో ఒక్కడికే తెలుసు.

2003 పుష్కరాల్లో గోదాట్లో దిగుతూ వరహాలక్ష్మి ఆ కాసులపేరు మెడలోంచి తీసి అతని చేతికిచ్చింది. ఆమె మునిగి లేచేసరికి, "జారి నీళ్ళలో పడిపోయిందే" అన్నాడు. బావమరిది తన పెళ్ళికి అది అడుగుతున్నాడు మరి. ఇస్తే తిరిగొస్తుందా? పెళ్ళయిపోయాక చెప్పేద్దాం అనుకున్నాడు. ఆమె మూడు రోజులు అన్నం ముట్టకుండా ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక ఇక నోరు రాలేదు.

ఇరవై రెండేళ్ళు!

కత్తి మళ్ళీ వంగుతోంది...

"మధ్య గది! బియ్యం డబ్బా! అడుగున!"

"థాంక్సండీ."

దొంగ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోతాడు.

వసారా ఖాళీ. మంచం మీద కదలని మనిషి.

చీకటి.

లోపల ఎక్కడో మూత తీసిన చప్పుడు. బియ్యం నేల మీద పోస్తున్నాడు. జరజరా... జరజరా...

"వరహాలూ..." మైకులో గుసగుస. "ఒక్కసారి కదలవే..."



గాలి లేదు.

ఒకటి... రెండు... మూడు...

టక్! వెలుగు!

మంచం ఖాళీ!

"వరహాలూ!!"

ధడేల్!

తలుపు మూసుకున్న చప్పుడు. గొళ్ళెం పడిన చప్పుడు. ఈసారి లైటు వెలిగించింది గుమ్మడికాయ కాదు. ఆమె! తలుపుకి వీపు ఆనించి రొప్పుతోంది.

లోపల్నుంచి బాదుడు. "అమ్మగారూ! తలుపు తియ్యండమ్మా!"

"పోలీసులొచ్చి తీస్తారు. ఈలోపు బియ్యం తొక్కకు!"

పెరటి తలుపుకి తాళం. తాళంచెవి ఆమె బొడ్లో. కిటికీలకి ఇనుప చువ్వలు. వాడెక్కడికి పోతాడు!

మాత్ర వేసుకోలేదు! నిద్రే పోలేదు! కత్తి మెడకి ఆనుతున్నా ఊపిరి బిగబట్టి పడుకుంది!

"బతికించావే..." చంద్రరావు చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. అబ్రహాము ప్రభువుకి స్తోత్రాలు చెప్పుకుంటున్నాడు. తెరలో దూరంగా జీపు హారన్.

వరహాలక్ష్మి కెమెరా కిందకి నడిచి వస్తుంది. తలెత్తుతుంది. తెర నిండా ఆమె మొహం.

"ఏమండీ."

"చెప్పవే..."

"కాసులపేరు గోదాట్లో పడిపోయిందన్నారు."



"అదీ... అప్పుడు మీ తమ్ముడు..."

"ఏటా ఆ రేవుకి వెళ్ళి పసుపూ కుంకుమా వేసొస్తున్నాను. పోనీలే, గోదారమ్మ మెడలో ఉంది, ఆవిడకైనా బాగుంటుంది అనుకున్నాను." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఆవిడ ఎన్ని అనుకునుంటుందండీ నన్ను చూసి?"

"వరహాలూ, నేనొచ్చాక మొత్తం..."

"వాణ్ణి పోలీసులు చూసుకుంటారు. మిమ్మల్ని నేను చూసుకుంటాను."

ఆమె చెయ్యి గోడ మీది స్విచ్చు వైపు వెళుతుంది.

"వద్దే! ఒక్క మాట! ఒక్క మాట వినవే..."

టక్!

తెర నల్లబడుతుంది. ఈ చీకటిని ఏ గుమ్మడికాయా వెలిగించలేదు.

అబ్రహాము ఆ ఫోన్ తీసి దిండు కింద పెడతాడు.

"మిమ్మల్ని ఇంటికి ఎప్పుడు పంపుతామన్నారండీ?"

"ఎల్లుండి. పిండికట్టు వేసి పంపేస్తారట."

"ఇంకో నెల ఉంచుకోమని అడగండి."

సరే, ఒక్కటి కల్పించాను. బియ్యం డబ్బా. చదివేవాళ్ళలో వంట చేసేవాళ్ళు ఈ అబద్ధాన్ని ఎప్పుడో పట్టేసి ఉంటారు. రోజూ అందులో చెయ్యి పెట్టే మనిషికి ఇరవై రెండేళ్ళు దొరక్కుండా ఉంటుందా? అసలు చోటు వేరే. ఇప్పుడు రాసినా ఇబ్బందేమీ లేదు, కాసులపేరు అక్కడ లేదు. వరహాలక్ష్మి తీసి ఇంకోచోట దాచింది.

ఎక్కడో నాకు చెప్పడం లేదు.