అంటు విలువ

సొరంగాల కప్పుల లెక్క చూసే యంత్రం పొరమతి పదకొండు గంటల నివేదిక ఇచ్చింది. ఏడో సొరంగం కప్పు: ఇసుకరాయి, బంకరాయి, బొగ్గు, మళ్ళీ ఇసుకరాయి. వంపు నాలుగు మిల్లీమీటర్లు. బరువు తీస్తే సర్దుకునే వంపే. స్థితి సురక్షితం. గణకురాలు స్వరూప వేలిముద్ర వేసి ఎనిమిదో సొరంగం నివేదిక తెరవబోతుండగా గోడఫోను మోగింది.

"బిడ్డా, నేను ఓదెలును. ఏడోదాంట్ల కప్పు డొల్ల మోగుతాంది."

గనిలో బొగ్గు అయిపోయి, పైన ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటాక జనం ఈ సొరంగాల్లోకి దిగి కాపురాలు పెట్టారు. అప్పటినుంచీ ఇనుప కడ్డీతో కప్పును కొట్టి వినడం ఓదెలు పని. పొరమతి వచ్చాక ఆయన మాట పట్టించుకునేవాళ్ళు లేరు. అయినా మానడు, మొండిఘటం.

"కాకా, పొరమతి మంచిగనే ఉన్నదంటాంది."

"దానికి చెవులున్నయా? నిన్న ఖంగుమన్నది, ఇయ్యాల ఖాళీ డబ్బా లెక్క మోగుతాంది. పొరలు ఇడిసినయ్. ఈడ పన్నెండొందల మంది ఉన్నరు. జల్ది ఏదన్న చెయ్."

పొరలు అంటుకుని ఉన్నంతకాలం కప్పంతా ఒకే మందపాటి దూలంలా బరువు మోస్తుంది. విడిపోతే మిగిలేవి విడివిడి పలకలే. కింది పలక ఒంటరిగా వంగి, ఇక లేవదు. ఆ పట్టుకు పొరమతి వాడే అంటు విలువ 0.92; పూర్తి పట్టుకు ఒకటి, పొరలు పూర్తిగా విడిపోతే సున్నా. ఎవరు కొలిచారు? పాత ఫైలు తెరిచింది. ముప్పై ఏళ్ళ కిందట, ఆరబెట్టిన రాతి ముక్కల మీద కొలిచారు. అప్పుడిక్కడ మనుషులు లేరు. ఇప్పుడు వేలమంది ఊపిరి, వంటల ఆవిరి, ఉతికిన బట్టల తడి. అదంతా తాగితే బంకరాయి మెత్తబడదా? ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదేమిటి! తనకు మాత్రం తట్టిందా? సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది.

"ఏడో సొరంగం ఖాళీ చేయించు," అని పొరమతికి చెప్పింది.

"ఆధారం చాలదు," అంది పొరమతి. "ఇప్పుడు పైకి పంపితే ఎండకు పదకొండుమంది చనిపోతారని అంచనా. కప్పు కూలే అవకాశం వెయ్యిలో ఒకటి."

ఇక మిగిలింది అంటు విలువను మార్చడమే; మారిస్తే పొరమతి లెక్కే ప్రమాదమని చెబుతుంది. ఆ అధికారం ఆమెకుంది. పొరపాటైతే ఆ పదకొండుమందినీ చేజేతులా చంపినట్టే.

"కాకా, నిజంగ డొల్లనేనా?"

"నా మనుమరాలు ఈడనే బళ్ళె ఉన్నది, బిడ్డా. అయినా ఎండలకు పంపుమనే చెప్తున్న."

స్వరూప 0.92 చెరిపి సున్నా కొట్టింది.

తెర మీద ఏడో సొరంగం ఎర్రబడింది. వెంటనే ఆరోది, ఎనిమిదోది. లెక్కలో అన్నిటికీ విలువ ఒకటే. చూస్తుండగానే మొత్తం తొమ్మిది సొరంగాలూ ఎర్రబడ్డాయి. పదకొండువేల మంది. ఆమె కూర్చున్న గది కూడా.

"కాకా, మిగిలినవి ఎట్లున్నయి?"

"నన్ను ఏడోదాంట్లకే రానిస్తరు. అవి ఎవరు కొట్టి చూస్తున్నరు, బిడ్డా?"

ఎవరూ చూడటం లేదు.

"పాత విలువ పెట్టమంటారా?" అడిగింది పొరమతి. "పెడితే అన్నీ సురక్షితం."

స్వరూప ఫోను వదలకుండానే కళ్ళు తుడుచుకుంది.

"వద్దు," అంది. "అన్నిట్లోనూ ఖాళీ చెయ్యమని సైరన్ మోగించు."