మూడో మంచం మీది మనిషి

ఆ ఇంట్లో పొద్దున్న ఆరున్నరకి ఒకటే గొడవ, బాత్రూం ఎవరిదని. స్కూలు బస్సు నడిపే నాన్న, అదే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే అమ్మ ఏడింటికల్లా బయటపడాలి. కూతురికి సాయంత్రం దాకా క్లినిక్కు లేదు. అయినా సరిగ్గా ఆ టైముకే ఆమె లోపల దూరుతుంది.

"గుండుసూదుల డాక్టరుగారూ, ఎవర్ని గుచ్చడానికమ్మా అంత తొందర?" అంటూ నాన్న తలుపు కొట్టాడు.

ఈ వెక్కిరింతకి మూడేళ్ళు. బంగారంలాంటి బ్యాంకు ఉద్యోగం వదిలేసి ఆక్యుపంక్చర్ నేర్చుకుంటానన్న రోజున మొదలైంది. మొదట్లో ఆమె ఏడ్చేది. తర్వాత మొండికేసింది. ఇప్పుడు చెవిన వేసుకోవడమే మానేసింది. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని రాగానే నాన్న కిటికీలు కూడా మూసుకుని గదిలో పడుకునేవాడు. తన మొహం చూడటం ఇష్టం లేకేనని ఆమె ఎప్పుడో తీర్మానించేసుకుంది.

అమ్మ సంగతి వేరు. ఆవిడ నోటికి సెలవు లేదు. బస్సులో డ్రైవరు సీటు వెనకే నిలబడి, ఎడమ పక్క స్కూటరు, ఎడమ పక్క గుంట అంటూ దారి పొడుగునా చెబుతూనే ఉంటుందట. మా బస్సుకి రెండు హారన్లని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. కూతురు కూడా నవ్వేది.

వాళ్ళు వెళ్ళిన గంటకి క్లినిక్కు నుంచి ఫోనొచ్చింది. పొద్దుటి పూట పనిచేసే అమ్మాయికి జ్వరం, కాస్త రాగలవా అని. పదిన్నరకి పెద్ద డాక్టరమ్మ మూడో మంచం వైపు చూపించి, మైగ్రేన్ ఆయనకి టైమైంది, సూదులు పదకొండు, లెక్క చూసి తీసెయ్యమంది.

ఆమె తెర జరిపింది. పేషెంటు కళ్ళ మీద మడతపెట్టిన గుడ్డ ఉంది. కనుబొమల మధ్య సూదీ, చేతులకున్న నాలుగూ తీసి పాదాల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎడమకాలి బొటనవేలికి సగం గోరే ఉంది. చిన్నప్పుడు తనకి సైకిలు నేర్పుతూ నాన్న పోగొట్టుకున్న గోరు అది. కొక్కేనికి స్కూలు పేరు కుట్టిన చొక్కా వేలాడుతోంది.

మూడేళ్ళుగా వెక్కిరించిన మనిషి, తాను సాయంత్రాలే వస్తానని తెలిసి, పొద్దుటి పూట చూసుకుని దొంగలా వచ్చి ఇక్కడ సూదులు పెట్టించుకుంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వే రాబోయింది కూడా.

అంతలో ఆయనే మాట్లాడాడు. "నర్సమ్మా, ఒక మాట అడగనా?"

ఆమె గొంతు మార్చి ఊఁ అంది.

"డాక్టరమ్మతో తలనొప్పనే చెప్పాను. నొప్పి రాబోయే ముందు ఎడమ పక్క చూపు పోతుందమ్మా. పావుగంటో, ఇరవై నిమిషాలో. ఉన్న మనిషి ఉన్నట్టుండి మాయమైపోతాడు. ఈ సూదులతో అది కూడా తగ్గుతుందా? ఆవిడ్ని అడిగితే బస్సు నడపొద్దంటుంది. ఇవాళ పొద్దున వంతెన మీద మళ్ళీ వచ్చింది. మా ఆవిడ వెనకనుంచి అరిచింది కాబట్టి సరిపోయింది."

నవ్వు ఎక్కడిదక్కడే చచ్చిపోయింది. అమ్మ వాగుడు వాగుడు కాదు. నాన్న చీకటి గది కోపం కాదు. ఇరవై ఆరుమంది పిల్లల్ని ఎక్కించుకుని ఆయన సగం చూపుతో నడుపుతుంటే, మిగతా సగం దారి ఆవిడ నోటితో చెబుతోంది.

మిగిలిన ఆరు సూదులూ ఎలా తీసిందో ఆమెకే తెలియదు. గుడ్డ తీసి, "నాన్నా" అంది. కూతుర్ని చూసి ఆయన గబుక్కున లేచి కూర్చున్నాడు.

ఇద్దరూ కలిసే ఇంటికి వచ్చారు. అమ్మ విషయం విని ముందు మొగుడి మీద విరుచుకుపడింది, ఇన్నాళ్ళు కడుపులో దాచుకున్నది బయటపెట్టినందుకు. తర్వాత కూతురి మీదికి తిరిగింది. ఇంకో రెండేళ్ళు గడిస్తే ఆయన రిటైరవుతారని, అంతదాకా తాను చూసుకుంటానని, డ్రైవరు పని తప్ప ఆయనకి ఇంకేం చేతకాదని, ఇంట్లో కూర్చుంటే మనిషి మిగలడని వాదించింది.

"సాయంత్రం ట్రిప్పుకి నువ్వు వెళ్ళకూడదు నాన్నా," అంది కూతురు. "వెళితే నేనే స్కూలుకి ఫోన్ చేస్తాను."

"చెయ్యవే. కన్నతండ్రి నోటి దగ్గర కూడు లాగేసి నీ డాక్టరీ నిలబెట్టుకో," అంది అమ్మ.

నాన్న నెమ్మదిగా అన్నాడు. "మీ అమ్మ ఉండగా ఏం కాదు తల్లీ. ఇవాళ సంగతి విన్నావుగా, ఆ కేక వెయ్యకపోతే..."

అమ్మ చటుక్కున మంచం అంచున కూలబడింది. ఆవిడ నోరు మూతపడటం వాళ్ళిద్దరూ ఎప్పుడూ చూడలేదు.

"ఏమైందే?" అన్నాడు నాన్న.

"ఆ కేక నాది కాదండీ." అంది అమ్మ. "వెనక సీట్లో ఒక పిల్ల వాంతి చేసుకుంటే తుడుస్తున్నాను. అప్పుడు మీకు చూపు పోయిన సంగతే నాకు తెలీదు. అరిచింది పిల్లలు. నేను తలెత్తేసరికి చంటిబిడ్డ బండి తోసుకుంటూ ఒకావిడ... జానెడు దూరంలో ఆగామండీ."

నాన్న తన అరచేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"బిడ్డ ఉందా అందులో?"

అమ్మ తలూపింది.

ఆయన లేచి ఫోన్ తీశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. స్కూలు పెద్దాయనతో ఏదీ దాచలేదు. తనకి చూపు పోతోందని, ఏడాదిగా తెలిసీ చెప్పలేదని, తప్పంతా తనదేనని, సాయంత్రానికి తామిద్దరి బదులూ వేరేవాళ్ళని చూసుకోమని చెప్పాడు. అవతలి మాటలు చాలాసేపు విన్నాడు. "అవునండీ, నా పిల్లే ఆ బస్సులో ఉంటే నేనూ అదే అంటాను," అని పెట్టేశాడు.

కూతురు పక్కన కూర్చుని ఆయన చెయ్యి తీసుకుంది. రేపు నరాల డాక్టరుకి చూపిద్దామంది. నొప్పి తగ్గడానికి సూదులు కొంత సాయం చేయవచ్చు గానీ చూపు సంగతి మాత్రం మాటివ్వలేనని ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీ దగ్గరికే రావలసింది," అన్నాడాయన. "నువ్వైతే అన్నీ అడుగుతావని భయపడ్డాను."

"నేనెప్పుడడిగాను నాన్నా. ఊళ్ళో అందరి తలనొప్పులూ అడిగాను. నువ్వు తలుపెందుకు వేసుకుంటున్నావో ఒక్కరోజు అడగలేదు." ఆమెకి ఏడుపు ఆగలేదు.

మూడున్నరకి వీధిలో బస్సు వచ్చింది. నాన్న కిటికీ తెరిచి నిలబడ్డాడు. డ్రైవరు సీట్లో ఎవరో కొత్తమనిషి. కిటికీల్లోంచి చిన్న చిన్న చేతులు ఊగాయి. మలుపు తిరిగేదాకా ఆయన ఒక్కొక్క కిటికీ చూస్తూ ఉండిపోయాడు.

"అందరూ ఉన్నారు," అని చిన్నగా అన్నాడు. "అందరూ ఉన్నారే." ఆ మాట పూర్తికాకుండానే గోడకి ఆనుకుని, జీవితంలో మొదటిసారి, భార్యాబిడ్డల ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.