ఫెలెటీ వాటా

పసిఫిక్ సముద్రంలో మూడు దీవుల దేశం టోకెలావు. దాని గూఢచారి శాఖలో మొత్తం ముగ్గురు. ఒకరు చీఫ్. ఒకరు ఏజెంట్. మూడోవాణ్ణి పోయినేడు చంపేశారు.

పోయినవాడి పేరు ఫెలెటీ. ఏజెంట్ ఒటినియేలుకి సొంత తమ్ముడు. ఓ పరాయి ట్యూనా ఓడ మీద, చేపల వేటని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌గా వెళ్లాడు. తిరిగి రాలేదు. 'కాలు జారి నీళ్లలో పడి మునిగిపోయాడు' అని ఓడవాళ్లు రిపోర్టు పంపారు. నడక కన్నా ముందు ఈత నేర్చినవాడు మునిగిపోయాడట! ఆ రిపోర్టు చదివి వినిపిస్తుంటే వాళ్ల దీవి ఫాకావోఫోలో పందులు కూడా మొహం తిప్పుకున్నాయి. తమ్ముణ్ణి చంపినవాణ్ణి తీర్పుకోసం ఊరి చాప మీద కూర్చోబెట్టేదాకా చేప ముట్టనని ఒటినియేలు ఆరోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఫాకావోఫోలో చేప మానేయడమంటే ఊపిరి మానేయడం లాంటిది. అక్కడ పొలం లేదు, వాగు లేదు, కొండ లేదు. బయట సముద్రం, లోపల మడుగు, రెంటికీ మధ్య చాప పరిచినంత ఇసుక. ఏడాదిగా అతను కొబ్బరి, సీమపనస, డబ్బా మాంసం మీద బతుకుతున్నాడు. సంగతి తెలిసిపోయి, అతను ఈతకి దిగితే చేపలు భుజాలు రాసుకుంటూ తిరిగేవి.

వాళ్లమ్మ మేలే ఒట్టూ పెట్టుకోలేదు, ఏడవనూ లేదు. శవం దొరకలేదు కాబట్టి పట్టిన చేపల్ని ఊరంతటికీ సమంగా పంచే జాబితాలోంచి కొడుకు పేరు తియ్యనివ్వలేదు, అంతే. పంపకం జరిగిన ప్రతిసారీ "ఫెలెటీ!" అని పిలిచేవారు. ఆవిడ లేచి "ఉన్నాడు" అని చెప్పి వాటా తీసుకెళ్లేది.

శుక్రవారం పొద్దున రేడియోలో 'వర్షం వల్ల క్రికెట్ మ్యాచ్ రద్దు' అని వచ్చింది. బయట ఎండ పెళపెళలాడుతోంది. మ్యాచ్ జరుగుతూనే ఉంది. అది కోడ్. ఒటినియేలు బ్యాట్ పడేసి పెద్దల సభ ఇంటికి పరిగెత్తాడు.

"రహస్యమా? పో పో, రనౌట్ రాసుకుంటాం!" వెనకనించి బౌలర్ అరిచాడు.

చీఫ్ లూహామా చాప మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. పెద్దల సభకి పెద్ద ఆయనే. ఈ ఏడు మూడు దీవులకీ కలిపి ప్రభుత్వ పెద్ద వంతు కూడా ఆయనదే. రాజధాని లేని దేశం కాబట్టి ఆయన ఎక్కడ చాప వేస్తే అదే రాజధాని. ఇవి చాలక, చేపలు పంచే కత్తి కూడా ఆయన దగ్గరే ఉంటుంది. మిగతా పదవులు పోయినా నవ్వుకుంటాడు గానీ ఆ కత్తి జోలికొస్తే ఊరుకోడు. ఒటినియేలుకి మేనమామ.

"కూర్చోరా. టాప్ సీక్రెట్."

"ఎంతమందికి తెలుసు మావయ్యా?"

"సభలో పెద్దలకి మాత్రమే."

"వాళ్ల పెళ్లాలకి?"

"చెప్పకుండా ఎలా ఉంటారురా?"

"అంటే ఊరంతా."

"పాస్టరుగారికి తెలీదు. నిన్నట్నించీ ఆయనకి జ్వరం." లూహామా గొంతు తగ్గించాడు. "మిషన్ విను. నల్లగాలం ముఠా నాయకుడు కాస్పర్ డ్రేవ్ రేపు మన దీవికి వస్తున్నాడు. సరదాకి చేపలు పట్టే టూరిస్టు వేషం. వాడివి నలభై దొంగ ఓడలు మన హద్దు అవతల కాచుక్కూర్చున్నాయి. మన నీళ్లలోకి వస్తే ఒక్క ట్యూనా మిగల్దు. ఎందుకు రావట్లేదు?"

"కోల్డ్ స్టోర్ గోడ పక్కన గదిలో మన స్క్రీన్ ఉంది. ఏ ఓడ ఎక్కడుందో కనిపెట్టేస్తుంది."

"రేపు సాయంత్రం నాలుగింటికి ఆ గది పేలిపోతుంది. సరుకు వాడే తెస్తున్నాడు. ఎందులో తెస్తాడో తెలీదు."

"ఎవరు చెప్పారు?"

"తెల్లపిట్ట. ఫెలెటీ ఎక్కిన ఓడలోంచే మెసేజ్ పంపింది. డబుల్ ఏజెంట్. నమ్మకు. అలాగని నమ్మకుండానూ ఉండకు."

ఒటినియేలు ముందుకి వంగాడు. "ఆ ఓడ కూడా డ్రేవ్‌దేనా?"

"ఆ రోజు వాడు ఓడ మీదే ఉన్నాడు. కానీ ఆర్డర్ విను. సరుకు దొరికేదాకా వాడి ఒంటిమీద చెయ్యి పడకూడదు."

"దొరికాక?"

"దొరికాక నేను అటు తిరిగి క్రికెట్ చూస్తాను."

మర్నాడు మధ్యాహ్నం తెల్లటి యాట్ వచ్చింది. ఫాకావోఫోలో ఓడరేవు లేదు. పగడపు దిబ్బలో కోసిన ఇరుకు కాలువలోంచి చిన్న పడవే లోపలికి తేవాలి. పడవ నడిపేవాడిగా ఒటినియేలు సిద్ధమయ్యాడు. మొహానికి కొబ్బరిపీచు గడ్డం. కాళ్ల దగ్గర కొబ్బరికాయలో దాచిన వాకీటాకీ. ఇది మూడోది. మొదటి రెండింటినీ వాళ్లమ్మ పచ్చడి కోసం కొట్టేసింది.

ఒడ్డున చాపలు నేస్తున్న ఆడవాళ్లు ఒక్క గొంతుతో అరిచారు. "ఒరేయ్ ఒటినియేలూ! గడ్డం జారుతోందిరా!"

"నేను కాదు!" అని అరిచి అతను పడవ తోశాడు.

యాట్ మీంచి ముందు ఓ అమ్మాయి దిగింది. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు. పేరు హినా, డ్రేవ్ సెక్రెటరీ. ఆ క్షణంలో దీవిలో సోలార్ ప్యానెళ్లన్నీ సూర్యుణ్ణి వదిలి ఆమె వైపు తిరిగాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత డ్రేవ్. ఉడికించిన పీతలా ఎర్రటి మనిషి. వెనకాలే నలుగురు మోసుకొచ్చిన మార్లిన్ చేప. ఇద్దరు మనుషుల పొడుగు, ముక్కు కత్తిలా.

"పొద్దున నేనే పట్టాను. కడుపు శుభ్రం చేయించి కుట్టించాను. మీ ఊరికి నా కానుక," అన్నాడు డ్రేవ్.

ఆ మాట ఒటినియేలు చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. అతని చూపు డ్రేవ్ మెడ దగ్గర ఆగిపోయింది. తాడుకి ఓ గాలం వేలాడుతోంది. ముత్యపుచిప్ప వెన్ను, తాబేటిచిప్ప కొక్కెం, కింద మూల చిన్న పెచ్చు ఊడింది. ఆ పెచ్చు ఊడగొట్టింది ఒటినియేలే. తమ్ముడు మొదటి ట్యూనా పట్టినరోజు ఇవ్వడానికి నెల రోజులు కూర్చుని చెక్కాడు.

పడవ కాలువ ముందు ఆగింది. అల చూసుకుని దాని వీపెక్కి లోపలికి దూకాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పగడాలు మనిషిని తురిమేస్తాయి. ఒటినియేలు చెయ్యి చుక్కాని మీద వదులైంది. ఒక్క క్షణం చాలు.

"ఇవాళ మీ క్రికెట్ మ్యాచ్ ఉందా అన్నా?" హినా అడిగింది. ఇంగ్లీషులో కాదు. అచ్చం దీవి భాషలో.

తెల్లపిట్ట ఈమేనన్నమాట. "వర్షం వల్ల రద్దు," అన్నాడు పళ్లు బిగించి.

"అయితే చుక్కాని సరిగ్గా పట్టుకో. వీణ్ణి ముంచితే నలభై ఓడలు మునగవు."

"మా భాష ఎక్కడ నేర్చావ్?"

"మా అమ్మమ్మది ఈ దీవే. తిట్లన్నీ వచ్చు." ఆమె నవ్వుతూనే ఉంది, గొంతు మాత్రం నవ్వట్లేదు. "ఆరోజు నన్ను రేడియో గదిలో పెట్టి గడియ వేశాడు. చూడలేదు. విన్నాను. ఏడాది నించీ వీడికి కాఫీ కలుపుతున్నా. అందులో ఏమీ కలపకుండా ఎలా ఆగానో దేవుడికే తెలుసు."

"సరుకు ఎక్కడుంది?"

"నాక్కూడా చెప్పలేదు."

"ఏమంటున్నాడు?" డ్రేవ్ అడిగాడు.

"మీ టోపీ బాగుందట," అంది హినా.

ఒటినియేలు అల ఎక్కించాడు. తన బతుకులో అంత అసహ్యంగా, అంత జాగ్రత్తగా ఎప్పుడూ పడవ నడపలేదు.

ఒడ్డున సామానంతా మూడుసార్లు వెతికారు. బూట్ల అడుగులు కోశారు. టూత్‌పేస్టు ట్యూబులన్నీ పిండేశారు. దాంతో ఊరంతా రెండురోజులు పళ్లు తోముకుంది. బాంబు మాత్రం దొరకలేదు. టైము మూడున్నర.

"ఈ చేపని వెంటనే కోల్డ్ స్టోర్‌లో పెట్టించండి. ఎండకి పాడైపోతుంది," అన్నాడు డ్రేవ్.

"కోల్డ్ స్టోరెందుకయ్యా, డెబ్భై ఇళ్లుంటే?" అన్నాడు లూహామా. అప్పటికే కత్తి సానబెడుతున్నాడు. "మార్లిన్ ఎవడు పట్టినా ఊరిది. పంచాల్సిందే."

డ్రేవ్ ఎర్రటి మొహం తెల్లబడింది. తను చంపిన ఫెలెటీ నోటుబుక్కు దొంగిలించి ఏడాదిపాటు చదివాడు. స్క్రీన్ గది ఎక్కడ, కోల్డ్ స్టోర్ గోడ ఎంత మందం, అన్నీ అందులో ఉన్నాయి. పంపకం సంగతి లేదు. పొద్దున లేచి ఊపిరి పీల్చాలని నోటుబుక్కులో ఎవడు రాసుకుంటాడు?

"నాకు ఒంట్లో బాలేదు. యాట్‌కి పోయి పడుకుంటా," అన్నాడు డ్రేవ్.

మైదానంలో ఊరంతా ఇళ్లవారీగా కూర్చుంది. డ్రేవ్ ఆ వెనకనించి జారుకుని ఒడ్డుకి పరిగెత్తాడు. ఒటినియేలు వెంటపడ్డాడు. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోయాయి. పడవ పగడాల మీద పక్కకి ఒరిగి ఉంది. దాని చుట్టూ ఊరి పందులు దిబ్బ మీద మేత వెతుక్కుంటున్నాయి. డ్రేవ్ పడవని తోశాడు. కదల్లేదు. పందిని తిట్టాడు. అదీ కదల్లేదు.

సరుకు పేలకుండానే వీడెందుకు పారిపోతున్నాడు? దేన్నించి పారిపోతున్నాడు?

కడుపు కుట్టించాను అన్నాడు.

ఒటినియేలు గడ్డం పీకి పందికి పడేశాడు. డ్రేవ్‌ని ఎండుకొబ్బరి మూటలా భుజానికెత్తుకుని మైదానానికి పరిగెత్తాడు. "మావయ్యా! కొయ్యొద్దు!"

టంగ్.

కత్తి దేనికో తగిలింది. చేప కడుపులో ఇనప పెట్టె. మూత చీలి, ఎర్ర అంకెలు కనిపిస్తున్నాయి. రెండు నిమిషాల నలభై సెకన్లు. తగ్గుతున్నాయి.

"ఇదేం పేగురా?" అన్నాడు లూహామా.

"కదపొద్దు!" హినా అరిచింది. "వాడి బాంబులన్నీ ఇంతే, మూత తెరిచాక కదిపితే అక్కడే పేలుతుంది. ఆపడం వాడొక్కడికే తెలుసు!"

లూహామా కళ్లతోనే సైగ చేశాడు. ఆడవాళ్లు పిల్లల్ని చర్చి వెనక్కి పరిగెత్తించారు. మిగతావాళ్లు మాత్రం కదల్లేదు. తమ వాటా పిలవకముందు పంపకం మధ్యలో లేచిపోయేంత మర్యాద తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు.

"జనాల్ని పంపండి! నన్ను వదలండి!" డ్రేవ్ గింజుకున్నాడు.

లూహామా జాబితా తీశాడు. వణుకు లేదు, తొందర లేదు. "చేప కడుపులో ఏం దొరికినా చేపతో సమానం. ఎవరో ఒకరు తీసుకోవాలి. ఫెలెటీ!"

మేలే లేచింది. ఏడాదిగా అంటున్న మాట ఈసారి అనలేదు. డ్రేవ్ దగ్గరికి నడిచి, అతని మెడలో గాలాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"నా కొడుకు గాలం వేసుకున్నవాడే నా కొడుకు వాటా తీసుకుంటాడు," అంది.

ఒటినియేలు డ్రేవ్‌ని చాప మీద, పెట్టె ముందు కూలేశాడు. వెనకనించి రెండు చేతులూ మెలిపెట్టి పట్టుకున్నాడు. నిమిషం ముప్ఫై.

"చేతులు వదులు! ఆపుతాను!"

"ముందు చెప్పు. మా తమ్ముడు ఎలా పడ్డాడు?"

"జారి..."

"ఇంకోసారి."

"నువ్వూ చస్తావురా పిచ్చోడా!"

"ఏడాది నించీ డబ్బా మాంసం తింటున్నా. నన్ను చావుతో బెదిరించకు."

నలభై సెకన్లు. ఎక్కడో ఒక కోడి కూసి, ఇది సమయం కాదని మానుకుంది.

"నేనే!" డ్రేవ్ గొంతు చిరిగింది. "నోటుబుక్కు ఇమ్మంటే ఇవ్వలేదు. నేనే తోశాను!"

"తేలాడా?"

ఇరవై.

"తేలాడు... మూడు గంటలు ఓడ వెంట ఈదాడు. అరిచాడు. ఎవ్వర్నీ తాడు వెయ్యనివ్వలేదు. గాలం ముందే తెంపుకున్నా... వదలరా!"

ఒటినియేలు చేతులు ఇంకా బిగుసుకున్నాయి. పన్నెండు. పది. వదలకపోతే ఏం? అందరం కలిసే పోతాం. వీడూ పోతాడు.

"ఒరేయ్," అంది మేలే, పొయ్యి మీద కుండ దించమన్నట్టు. "వదులు. వీడు బతకాలి. నాకు పనుంది."

ఎనిమిది. వదిలాడు. డ్రేవ్ వేళ్లు పెట్టెలోకి దూరాయి. ఒక తీగ, రెండు మరలు, ఇంకో తీగ.

అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

లూహామా కత్తి తుడుచుకున్నాడు. "పెట్టె పక్కన పెట్టండి. తోక వైపు ఇంకా పంచలేదు."

అరగంట తర్వాత హినా రేడియో ముందు కూర్చుని డ్రేవ్ కోడ్‌లో మెసేజ్ పంపింది. 'స్క్రీన్ చచ్చింది. లోపలికి రండి.' నలభై ఓడలూ పెళ్లివారిలా వరసకట్టి హద్దు దాటాయి. ముందే కబురందుకుని కాచుకున్న గస్తీ నౌకలు సోమవారానికల్లా ఒక్కదాన్నీ వదలకుండా పట్టేశాయి. చేపల పంపకం జాబితాలో ఫెలెటీ పేరు కింద హినా పేరు చేరింది.

దీవిలో జైలు లేదు. ఖైదీని తీసుకెళ్లే ఓడ పక్క దేశం సమోవా నించి రావడానికి ఇంకా పన్నెండు రోజులుంది. పెద్దల సభ అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పింది. ఖైదీ అంతవరకూ మేలే ఇంట్లో ఉండాలి. పొద్దున పందుల దొడ్లు కడగాలి. పూటపూటకీ ఫెలెటీ చాప మీద కూర్చుని ఫెలెటీ వాటా తినాలి. పంపకంలో ఆ పేరు పిలిస్తే ఊరందరి ముందూ లేచి "లేడు, నేను చంపాను" అనాలి.

'ఖైదీకి తగిన కాపలా ఉందా?' అని న్యూజీలాండ్ తరఫున టోకెలావు బాగోగులు చూసే అడ్మినిస్ట్రేటర్ ఆఫీసు వెల్లింగ్టన్ నించి అడిగింది. 'మా అక్క ఇంట్లో ఉన్నాడు' అని లూహామా జవాబు పంపాడు.

బాంబు ఆగిన ఆ శనివారం సాయంత్రమే మేలే ఇంట్లో నలుగురు కూర్చున్నారు. డ్రేవ్ ముందు ఆకు పరిచి, మార్లిన్ ముక్క వడ్డించి, మేలే మెల్లగా అడిగింది. "మూడు గంటలన్నావు. మొదటి గంటలో నా కొడుకు ఏమని అరిచాడు? తింటూ చెప్పు. మనకి పన్నెండు రోజులున్నాయి."

డ్రేవ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. న్యూజీలాండ్ జైలుకి ఈరోజే పంపెయ్యమని హినాని కళ్లతోనే బతిమాలాడు. హినా అతనికి కాఫీ కలిపి ఇచ్చింది. అతను తాగలేదు.

మేలే రెండో ముక్క ఒటినియేలు ముందు పెట్టింది. తమ్ముడి గాలం ఇప్పుడు అతని మెడలో ఉంది. ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఏడాది తర్వాత మొదటి చేప. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలాడు.

"ఎలా ఉందిరా?" అడిగింది తల్లి.

"బానే ఉందమ్మా," అన్నాడు. "కొంచెం ఇనప వాసన వేస్తోంది."