డేల్ బాగుచేసిన రివాల్వర్

"మంగళవారం పదకొండింటికి ఒకామె వస్తుంది. 'మా ఆయన రివాల్వర్ వానొస్తే పట్టేస్తోంది' అంటుంది. అదే కోడ్. మనిషిని ఆమెకి అప్పజెప్పు. అంతవరకూ వాడి ప్రాణం నీ చేతుల్లో ఉంది."

ఫోన్‌లో గోర్డన్ ప్రూయిట్. గూఢచారి ఏజెన్సీలో డేల్ హోఫ్‌స్టెటర్‌కి ఒకప్పటి బాస్. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

"నేను రిటైరయ్యాను గోర్డన్. ఇప్పుడు చెక్కతో పిట్టగూళ్లు చేసుకుంటున్నా."

"అందుకే నీ దగ్గర దాచేది. పిట్టగూళ్లు చేసుకునే ముసలోణ్ణి ఎవడనుమానిస్తాడు?"

దాచాల్సిన మనిషి పేరు తోమాష్ వ్రానా, ఇంజనీరు. 'బ్లూ హెరాన్' అనే విదేశీ ముఠా నుంచి తప్పించుకొచ్చాడు. ముఠా ఏజెంట్ల పేర్లన్నీ అతని తలలో ఉన్నాయి. అతనికి ముందు పారిపోయిన ఇద్దరూ వారం తిరక్కుండానే శవాలయ్యారు. ఆదివారం సాయంత్రం అతన్ని ఊస్టర్ ఊరి చివర ఉన్న డేల్ ఇంటి బేస్‌మెంట్‌లో ఏజెన్సీ మనుషులు దించి వెళ్లారు.

డేల్‌కి భయం పట్టుకుంది. ముఠా సంగతి ఒకెత్తు, తన రివాల్వర్ సంగతి ఇంకొకెత్తు.

రిటైరయ్యాక అతని చేతులు ఊరుకోలేదు. బాగున్న వస్తువు కనిపిస్తే చాలు, విప్పేసేవాడు. "నువ్వు బాగుచెయ్యకపోబట్టి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే బాగున్నాను" అనేది భార్య మార్లీన్. కాఫీ మెషీన్, గోడ గడియారం అయ్యాక రివాల్వర్ మీద పడ్డాడు. ట్రిగ్గర్ బిర్రుగా ఉందని చలికాలమంతా స్ప్రింగ్‌ని అరగదీశాడు. ట్రిగ్గర్ వెన్నలా కదిలింది. కానీ తూటాని కొట్టే దెబ్బలో బలం పోయింది. ఇప్పుడది పదిసార్లు నొక్కితే ఐదుసార్లు పేలదు. కొత్త స్ప్రింగ్ పోస్టులో గురువారానికి గాని రాదు. ఇంట్లో ఇంకో ఆయుధం లేదు.

మంగళవారం ఉదయం మార్లీన్‌ని వాళ్లక్క ఇంటికి పంపేసి, గరాజ్ కిటికీ వెలుతురులో నిలబడి ఆరు తూటాలూ నింపాడు. ఒకటి జారి కింద పడింది. దాన్ని తీసి తుడిచి మళ్లీ పెట్టాడు.

సరిగ్గా పదకొండింటికి గరాజ్ తలుపు చప్పుడైంది. వెండి జుట్టు, ఎర్రటి లిప్‌స్టిక్, తోలు గ్లోవ్స్. అరవై దాటినా చూపు తిప్పుకోనివ్వని మనిషి.

"నా పేరు రోజలిండ్ కీటింగ్. మా ఆయన రివాల్వర్ వానొస్తే పట్టేస్తోందండీ."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రివాల్వర్ తీసింది. సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని చూపించి, పిడి అతని వైపు పెట్టి అందించింది. పద్ధతి తెలిసిన మనిషి. రెండు రోజుల్లో డేల్ మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"మన అతిథి ఎక్కడ?"

"కింద. బొమ్మ ఓడకి తెరచాప అతికిస్తున్నాడు."

"పిలవండి. కారు సిద్ధంగా ఉంది."

"తోమాష్! పైకి రా!"

బల్ల మీదున్న డేల్ రివాల్వర్‌ని ఆమె చేతిలోకి తీసుకుంది. "ఇదేనా మీ పనితనం?"

డేల్ ఆమె చేతినే చూశాడు. పరాయి తుపాకీ చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు సిలిండర్ తెరిచి చూస్తారు. ఆమె చూడలేదు. తెలియక కాదు, తనది ఎంత పద్ధతిగా అందించిందని! అంటే, నిండుగా ఉందని ఆమెకి ముందే తెలుసు. ఉదయం అతను తూటాలు నింపుతుంటే ఎవరో కిటికీలోంచి చూశారు.

అతని మొహం చూసి ఆమె నవ్వింది. గొంతు మారింది.

"అరిచావా, ముందు నువ్వే పోతావ్. రిటైరైన ముసలోడు తుపాకీ బాగుచేస్తూ పొరపాటున ఇంటికొచ్చిన చుట్టాన్ని కాల్చి, దిగులుతో తనూ కాల్చుకున్నాడు. పేపర్లో నాలుగు లైన్లు."

మెట్ల మీద అడుగుల చప్పుడు. తోమాష్ ఈల వేసుకుంటూ వస్తున్నాడు. పిలిచింది తనే! రెండు రోజులుగా ఆ రివాల్వర్ పేలదేమోనని డేల్ భయపడ్డాడు. ఇప్పుడు పేలుతుందేమోనని భయం.

బేస్‌మెంట్ తలుపు తెరుచుకుంది. ఆమె గురి పెట్టి నొక్కింది.

టిక్.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ నొక్కింది. టిక్.

డేల్ చేతికి అందింది బల్ల పక్కనున్న గాలి కంప్రెసర్ గొట్టమే. బల్ల మీది ఇనుప రజను మీదుగా గాలి వదిలాడు. రజనంతా లేచి ఆమె కళ్లలో పడింది. కేక పెడుతూనే మూడోసారి నొక్కింది. ఈసారి పేలింది. తూటా తోమాష్ చెవి పక్కనుంచి వెళ్లి, అలమరలో మూలపడ్డ కాఫీ మెషీన్‌ని తునకలు చేసింది. డేల్ ఆమె మణికట్టు మీద సుత్తితో ఒక్కటిచ్చాడు. రివాల్వర్ కింద పడింది.

"కాఫీకేనా పిలిచింది?" అన్నాడు తోమాష్, చేతిలో జిగురు ట్యూబుతో.

అరగంటలో ఏజెన్సీ మనుషులు వచ్చి ఆమెని ఒక కారులో, తోమాష్‌ని ఇంకో కారులో తీసుకెళ్లారు. సాయంత్రం గోర్డన్ ఫోన్ చేశాడు.

"తోమాష్ క్షేమంగా చేరాడు. ఆ మహాతల్లి ఆరేళ్లుగా మన జీతం తింటూ వాళ్ల పని చేసింది. సరేగాని, శత్రువు చేతిలో పేలని రివాల్వర్ అంటే మావాళ్లు నోళ్లు తెరిచారు. ఇలాంటివి ఇంకో డజను చేసిపెట్టగలవా?"

డేల్ ఆలోచించాడు.

"కావాలని చేస్తే రాదు గోర్డన్. బాగుచేస్తున్నాననుకుంటేనే వస్తుంది."