ఎర్ర రంగు ఆరకముందే

సర్వేయర్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం లోపలికి దిగిపోయింది. నెత్తురు కుర్చీ కాళ్ళ చుట్టూ తిరిగి గోడ దాకా పాకింది. పక్కనే గుప్పెడంత ఇనుప దిమ్మ. దాని మూలకు జుట్టు అంటుకుని ఉంది.

గదిలో మిగిలినవన్నీ బళ్ళే. అరచేతిలో పట్టే లారీలు, ట్యాంకర్లు, పాతకాలపు కార్లు. నిన్నటిదాకా గోడల పొడుగునా గాజు బీరువాల్లో ఉండేవి. ఇప్పుడు ఒక్క బీరువాకీ అద్దం లేదు. చక్రాలు ఒక మూల, క్యాబిన్లు ఒక మూల. అడుగు వేస్తే కాలికింద కరకరమంటున్నాయి.

"కేసు అయిపోయినట్టే సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పోయినాయన బీమా కంపెనీ సర్వేయరు. యాక్సిడెంటైన బళ్ళు చూసి నష్టం తేల్చడం ఉద్యోగం. ఇంటికొస్తే ఈ బుల్లి బళ్ళే లోకం. చంపింది బావమరిది. లారీ డ్రైవరు. చంపేసి, ఇవన్నీ పగలగొట్టి, తీరిగ్గా గుమ్మంలో కూర్చున్నాడు. మనల్ని చూడగానే బేడీల కోసం చేతులు చాపాడు. ఇంత మర్యాదస్తుడైన హంతకుణ్ణి నా సర్వీసులో చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ ఇంకా గదంతా కలియజూస్తున్నాడు. స్టేషన్లో అందరూ ఆయన్ని వెనకాల నత్త సార్ అంటారు. ఏ సంగతీ ఓ పట్టాన తేల్చడు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. దాని మీద ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు.

ఆయన శవాన్ని దాటి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

బల్ల మీద ఒక్క లారీ మాత్రం చెక్కుచెదరలేదు. చిన్న పుల్లకి బిగించి ఉంది. క్యాబిన్ ఎడమవైపు ఎర్రగా నిగనిగలాడుతోంది. కుడివైపు ఇంకా తెల్ల ప్లాస్టిక్కే. ఎరుపు మధ్యలో ఎవరో ఉమ్మినట్టు చుక్కలు చుక్కలుగా మచ్చ. గోటితో తాకి చూశాడు. రంగు అంటుకుంది.

శవం కళ్ళజోడు మీదా అదే ఎరుపు తుంపర. కుడిచేతి వేళ్ళ మీదా అదే.

"రంగు కొడుతూ ఉండగా చంపారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అవును సార్. పని పూర్తి చేసుకోనివ్వాల్సింది పాపం."

బల్ల చివర చిన్న స్టాండు. దానికి కలం లాంటి పరికరం వేలాడుతోంది. పైన తులసాకంత గిన్నె, వెనక సన్నటి రబ్బరు గొట్టం. ఎయిర్‌బ్రష్. గాలితో రంగును పొగలా చిమ్ముతుంది.

ఇన్‌స్పెక్టర్ వంగి గిన్నెలోకి చూశాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

గిన్నె తళతళలాడుతోంది. ఎర్ర చుక్క ఒక్కటి లేదు.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు సార్."

"మరి సగం లారీకి రంగు కొట్టి చచ్చిపోయినవాడు దీన్ని కడిగి తగిలించి మరీ చచ్చిపోయాడా?"

హెడ్ కానిస్టేబుల్ కూడా వంగి గిన్నెలోకి చూశాడు.

* * *

డ్రైవర్ లాకప్పులో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి. అద్దాలు కోసిన చేతులకి కట్లు కట్టారు.

"దేంతో కొట్టావు?"

"ఇనుప దిమ్మతో. అతికించిన ముక్కలు ఊడకుండా మీద పెట్టుకునేవాడు. అదే వాడి మీద పెట్టాను."

"ఎన్ని దెబ్బలు?"

"లెక్కెవడు పెట్టాడు? చచ్చేదాకా కొట్టాను."

"వెనక నుంచా?"

"వెనక నుంచి కొట్టే ఖర్మ నాకేంటి సార్? ఎదురుగా నిలబడి, చెప్పి మరీ కొట్టాను."

సర్వేయర్ ముఖం మీద గీత కూడా లేదు. పోస్ట్‌మార్టమ్‌లో తేలింది వెనక నుంచి రెండే దెబ్బలు. ఇన్‌స్పెక్టర్ ఆ మాట బయటపెట్టలేదు.

"ఎందుకు చంపావు?"

"మా అక్కని కొట్టేవాడు. పోయిన నెల దాని చెవిలోంచి నెత్తురొచ్చింది. అడిగితే తలుపు తగిలిందంటుంది. ఎన్నిసార్లు తగులుతుంది సార్ తలుపు? అప్పుడే వాడి దవడ పగలగొట్టాను. పోలీసు కేసు పెడతానన్నాడు. పెట్టుకోమన్నాను."

"కొట్టాక బ్రష్ ఏం చేశావు?"

"ఏ బ్రష్షు?"

"అక్కడున్న బ్రష్షు."

"మనిషిని చంపి పళ్ళు తోముకుంటానా సార్?"

హెడ్ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

"ఈ మాట మీదే నిలబడితే నీ బతుకు జైల్లోనే తెల్లారిపోతుంది. తెలుసా?"

"తెలుసు." డ్రైవర్ గొంతు తగ్గించి అడిగాడు. "మా అక్క పక్కింట్లోనే ఉందా సార్? ఏమన్నా తిందా?"

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాడు. పట్టుబడ్డవాళ్ళు తమ గురించి అడుగుతారు, లాయర్ గురించి అడుగుతారు. వీడు మాత్రం అక్క తిండి గురించి అడిగాడు. చెయ్యని హత్యని నెత్తిన వేసుకుని లోపలికి పోవడానికి సిద్ధపడ్డాడు. రేపు కోర్టులో ఇదే చెబితే ఆపే నాథుడు లేడు. ఇన్‌స్పెక్టర్‌కి మొదటిసారి తొందర పుట్టింది.

* * *

ఊళ్ళో ఒక పళ్ళ డాక్టర్‌కి కూడా ఈ బుల్లి బళ్ళ పిచ్చి ఉంది. క్లినిక్ వెనక గదిలో ఆయనకీ ఒక బల్ల, ఒక దీపం, పళ్ళు రాకే మిషన్‌తో చెక్కిన బస్సులూ ఉన్నాయి. సర్వేయర్‌కీ ఆయనకీ పచ్చిగడ్డి వేస్తే భగ్గుమంటుందని హెడ్ కానిస్టేబుల్ ముందే ఆరా తీశాడు.

"పోయినేడు ఎగ్జిబిషన్లో నా బస్సుకి మొదటి బహుమతి వచ్చింది," అన్నాడు డాక్టర్. "అందరూ చూస్తుండగా దాన్ని కింద పడేసి బూటుకాలితో తొక్కాడు. పొరపాటున జరిగిందన్నాడు. మడమతో రెండుసార్లు పొరపాటు చేశాడు."

"చంపాలనిపించిందా?"

"అనిపించింది. కానీ నిన్న మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నా కుర్చీలో మనిషి ఉన్నాడు. దవడ పన్ను. అంతసేపూ నోరు తెరుచుకుని నన్నే చూస్తూ ఉన్నాడు. మీరే అడగండి."

ఇన్‌స్పెక్టర్ ఎర్ర లారీ ఫోటో చూపించాడు. డాక్టర్ మచ్చ దగ్గర వేలు పెట్టాడు.

"ఎయిర్‌బ్రష్ ఉమ్మింది. లోపల సన్నటి సూది ఉంటుంది. పాత రంగు కొంచెం ఎండినా సూది పట్టేస్తుంది, రంగు ఇలా కక్కుతుంది. నెలల పని నాశనం. అందుకే వాడిన మరుక్షణం కడగాలి. కొంప అంటుకున్నా మేం ముందు దాన్ని కడిగే పరిగెడతాం."

"అంటే, చంపినవాడు మీలాంటివాడే."

డాక్టర్ ఫోటో వెనక్కి తోశాడు. "నేను కాదని చెప్పానుగా."

"సర్వేయర్ ఎలా కడిగేవాడు?"

"ఆయనా? ఆయన కడగడం నేనెప్పుడూ చూడలేదు. పని అవగానే బల్ల మీద పడేసి, ఏయ్ అని ఒక కేక పెట్టేవాడు."

"ఆ కేక ఎవరికి?"

డాక్టర్ జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉండిపోయింది, కుర్చీలో పేషెంటులా.

* * *

మర్నాడు పొద్దున్న ముగ్గురినీ అదే గదికి రప్పించాడు ఇన్‌స్పెక్టర్. నెత్తురు కడిగినా నేల మీద మచ్చ పోలేదు. డ్రైవర్ని హెడ్ కానిస్టేబుల్ పట్టుకుని నిలబడ్డాడు. డాక్టర్ తన సొంత ఎయిర్‌బ్రష్ తెచ్చాడు. సర్వేయర్ భార్య తలుపు దగ్గర కుర్చీలో ఒదిగి కూర్చుంది. చీర మీద మణికట్టు దాకా చేతులున్న చొక్కా, గుండీలన్నీ పెట్టి ఉంది. ఎండ మండిపోతున్నా ఒక్కటీ తీయలేదు.

"డాక్టర్ గారూ, ఆ రేకు ముక్కకి రంగు కొట్టి చూపించండి."

డాక్టర్ ఎర్ర రంగు పోసి కొట్టాడు. బుస్సుమంది. రేకు ఎర్రబడింది.

"చాలు. బల్ల మీద పెట్టేయండి. ముట్టుకోకండి."

డాక్టర్ పెట్టాడు. పెట్టి, చేతులు జేబుల్లో దూర్చి బయటికి రాకుండా బిగపట్టాడు. ఆయనకి ఒళ్ళంతా జెర్రులు పాకుతున్నట్టుంది.

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా మాట్లాడడం మొదలుపెట్టాడు. అంత నెమ్మదిగా ఆయన కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. డ్రైవర్ ఎన్ని గంటలకి వచ్చాడు, ఏ అద్దం ముందు పగిలింది, పక్కింటివాళ్ళు ఏం విన్నారు. చెప్పిందే చెప్పాడు. హెడ్ కానిస్టేబుల్ ఆవలించాడు.

ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆమె చేతులనే చూస్తున్నాడు.

ఆమె ఎయిర్‌బ్రష్ వంక చూసింది. చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది. చొక్కా అంచుని వేళ్ళకి చుట్టుకుంది. గిన్నె అంచున రంగు ముదురుతోంది.

"సార్," అంది.

"చెప్పండమ్మా."

"ఏం లేదు."

ఆయన మళ్ళీ మొదటి అద్దం దగ్గర్నుంచి అందుకున్నాడు.

ఆమె లేచింది. ఎవరినీ అడగలేదు. గబగబా బల్ల దగ్గరికి వచ్చి, సొరుగు లాగి, రంగు కడిగే థిన్నర్ సీసా తీసింది. ఎయిర్‌బ్రష్ వెనక మర విప్పి సూది బయటికి లాగింది. చీకట్లో కూడా తప్పు పోని చేతులవి.

"అక్కా, వద్దే!" అరిచాడు డ్రైవర్. ఆ బ్రష్షు సంగతేమిటో అతనికి తెలీదు. కానీ ఇన్‌స్పెక్టర్ ముఖం చూస్తే అర్థమైపోయింది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"హంతకుడు దీన్ని కడిగాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ తమ్ముడికి ఇదేమిటో కూడా తెలీదు. డాక్టర్ గారి చేతులు మొన్న వేరేవాళ్ళ నోట్లో ఉన్నాయి. ఈ ఇంట్లో దీన్ని కడిగే చేతులు ఎవరివమ్మా?"

ఆమె కుడిచేతి గుండీ విప్పింది. చొక్కా చెయ్యి పైకి మడిచింది.

మోచేతి దాకా చిన్న చిన్న మచ్చలు. వరసలు వరసలుగా. కొన్ని పాతబడి నల్లగా ఉన్నాయి. నాలుగైదు ఇంకా పచ్చిగా, ఉబ్బి ఉన్నాయి.

"సూది పట్టేసిందంటే ఆ సూదితోనే పొడుస్తాడు," అంది. గొంతులో ఏ మార్పూ లేదు. "మొన్న రంగు ఉమ్మింది. జుట్టు పట్టి లాక్కొచ్చి పొడిచాడు. మళ్ళీ సూది బిగించుకుని బల్ల వైపు తిరిగాడు. ఈసారి ఉమ్మితే కంట్లోనే అన్నాడు. దిమ్మ నా చేతికందింది."

"తర్వాత?"

"పడిపోయాడు. గిన్నెలో రంగు అలాగే ఉంది. ఎండిపోతుందని గబగబా కడిగేశాను."

"అప్పటికే ఆయన చచ్చిపోయాడు కదమ్మా?"

"నాకు తెలీలేదు సార్. లేచి చూసుకుంటాడనుకున్నాను."

డాక్టర్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. హెడ్ కానిస్టేబుల్ డ్రైవర్ని పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదిలేశాడో అతనికే తెలీదు.

"అబద్ధం సార్!" డ్రైవర్ ఇన్‌స్పెక్టర్ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నేనే చేశాను. వచ్చేసరికి వంటింట్లో కూర్చుని వణికిపోతోంది. దాన్ని పక్కింటికి పంపి... నాకెవరున్నారు సార్? నా పేరే రాసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నోరు మూసుకోరా," అంది ఆమె. "ఇన్నేళ్ళూ నేను మూసుకున్నది చాలు. నా బదులు నువ్వు లోపలుంటే నా గొంతులో ముద్ద దిగుతుందా?"

ఇన్‌స్పెక్టర్ డ్రైవర్ని భుజం పట్టి లేపాడు.

"స్టేషన్‌కి తర్వాత వెళ్దాం. ముందు ఆస్పత్రికి పోనీ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్‌తో. "ఆ చేతి మీద ఉన్న ప్రతి మచ్చా డాక్టర్ల చేత రాయించాలి. చెవి కూడా చూపించాలి. ఒక్కటి కూడా వదలడానికి వీల్లేదు. ఆవిడ వాంగ్మూలం ఆ మచ్చల దగ్గర్నుంచి మొదలవుతుంది. బేడీలు అక్కర్లేదు."

"ఇతన్నేం చేద్దాం సార్?"

"సాక్ష్యం చెడగొట్టినందుకు కేసు తప్పదు. హత్య మాత్రం అతని మీద ఉండదు. అక్క పక్కన కూర్చోనివ్వు."

ఆమె కదల్లేదు. ఒక చేతిలో ఎయిర్‌బ్రష్, ఒక చేతిలో సూది. థిన్నర్ సీసా మూత తీసే ఉంది.

"ఒక్క నిమిషం సార్. ఇది కడిగేసి వస్తాను."

ఇన్‌స్పెక్టర్ ఆమె చేతిలోంచి సూది తీసుకున్నాడు.

"వదిలేయండమ్మా. ఎండిపోనీండి."

ఆమె ఎయిర్‌బ్రష్ బల్ల మీద పెట్టింది. వేళ్ళు మాత్రం వెంటనే వదల్లేదు. గిన్నెలో రంగు మీద పొర కడుతోంది. అది పూర్తిగా గట్టిపడేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. ఎవరూ కేక వేయలేదు. అప్పుడు తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.