శాలువాల మధ్య రాజు

ఆ ఊళ్ళో క్షౌరశాలలకు తలుపులు పీకేసి చాలాకాలమైంది. మెడ దగ్గర కత్తి, వెనక గోడ, ముందు మూసిన తలుపు ఉంటే ముంజేతికి కట్టిన గండసూచి యంత్రం ప్రాణగండమని కూస్తుంది మరి. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి అందరికీ అది కట్టాల్సిందే. పెళ్ళిలో తాళి కట్టడం కూడా ఆరుబయటే. జనం అలవాటు పడిపోయారు.

మందాకిని మాత్రం పడలేదు. ఆమె తమ్ముడు వంశీధర్ చదరంగం నేర్పేవాడు. పోటీలో గెలిచిన పిల్ల మెడలో పతకం వేయబోయాడు. పిల్ల వెనక గోడ, పక్కన బల్ల. పిల్ల గండసూచి కూసింది. రక్షకులు వచ్చి అతన్ని ఏకాంతవాసానికి పట్టుకుపోయారు. "నేనేం చేశాను?" అని అడుగుతూనే వెళ్ళాడు. ఆ శిక్షను ఆపగల నోరు ఒక్కటే, యంత్రాన్ని తయారుచేసిన రామతీర్థానిది. "పొరపాటు పడింది" అని ఆయన ఒక్క మాట అంటే చాలు. అనలేదు. వంశీధర్ అక్కడే, పలకరించే దిక్కు లేకుండా ప్రాణం విడిచాడు.

ఆ మాట ఆయన నోట కక్కించాలి. ఆమెకు అదొక్కటే కోరిక. అందుకే ఆయన అభిమాన సంఘంలో చేరి, నవ్వు ముఖం తగిలించుకుని, ఇవాళ్టి సన్మాన సభకు వ్యాఖ్యాత అయింది. ఆయనకు ఆమె ముఖం గుర్తే లేదు.

రామతీర్థం మైకు అందుకున్నారు. "పాత చదరంగ యంత్రాలు లక్షల ఎత్తులు ముందుకు లెక్కపెట్టేవండి. నాది లెక్కపెట్టదు. రాజుకు పారిపోయే గడి లేదు, వేటు వేసే చెయ్యి ఎదురుగా ఉంది. ఆ ఆకారం చూడగానే ఆటకట్టు ముప్పని చెప్పేస్తుంది. ఊహించదు కనుక దానికి పొరపాటన్నదే రాదు."

"ఎంత బాగా సెలవిచ్చారండీ," అంది మందాకిని. పొరపాటు రాదట. ఉండు నాయనా, నీ పని చెప్తా అనుకుంది.

సొంత బంట్లే చుట్టూ మూగితే రాజుకు ఊపిరాడదని ఆమెకు తమ్ముడే నేర్పాడు. ఇక సన్మానమంటే మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. శాలువా కప్పడానికి ఎక్కినవాడు ఫొటో పడేదాకా దిగడు. కప్పినవాళ్ళను కప్పినట్టే దించేసి, వేదిక ఖాళీగా ఉంచడం వ్యాఖ్యాత పని. మందాకిని ఎవర్నీ దించలేదు. పేర్లు పిలుస్తూనే ఉంది. ఒకరి వెనక ఒకరు ఎక్కారు, కప్పారు, ఆయన పక్కనే పాతుకుపోయారు. "ఇంకాస్త దగ్గరగా జరగండి, అందరూ ఫొటోలో పడాలి," అంది. ఆయనకు కాలు కదిపే చోటు లేకుండా పోయింది. గండసూచి మాత్రం గమ్మునే ఉంది. వేటు వేసే చెయ్యి ఇంకా రాలేదుగా.

"ఇప్పుడు వారి అమ్మాయి ఇందుజ, నాన్నగారికి పూలదండ వేస్తారు."

ఇందుజ ముసిముసిగా నవ్వుతూ వచ్చి దండ పైకెత్తింది. తాడు, చేతులు, మెడ. ఆకారం కుదిరింది. ఆయన గండసూచి కూసింది.

రక్షకులు ఇందుజ భుజాలు పట్టుకున్నారు. "నాన్నా, నేనేం చేశాను?" అంది ఆ పిల్ల.

తమ్ముడు అన్న మాటలే. ఈ ఘడియను మందాకిని ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్కలేదు. ఆ తర్వాత జరిగింది మాత్రం ఆమె ఊహకు కూడా అందలేదు. రామతీర్థం తన ముంజేతి వంక చూసుకున్నారు, కూతురి చేతుల వంక చూశారు. రెండు చేతులూ మెడకు అడ్డం పెట్టుకుని వెనకవాళ్ళ మీదికి ఒరిగిపోయారు.

"పొరపాటు," అన్నారు ఆఖరికి. "అది పొరపాటు పడింది. వదలండి మా అమ్మాయిని."

మైకు ఆ మాటను సభంతా వినిపించింది. రక్షకులు వదిలేశారు.

ఇందుజ తండ్రి దగ్గరికి రాలేదు. "నన్ను చూసి భయపడ్డావు కదా నాన్నా," అంది. దండ నేలమీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. "అమ్మలూ, ఆగమ్మా," అంటూ ఆయన వెంటపడబోయారు. చుట్టూ శాలువాలు కప్పినవాళ్ళు. దారి దొరకలేదు.

మందాకిని మైకు కింద పెట్టి భోజనాల వైపు నడిచింది. జాలి వేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు. విస్తరి ముందు కూర్చుని పులిహోర మారు అడిగి వేయించుకుంది. తమ్ముడు పోయాక ఆమెకు ఆకలి తెలియడం అదే మొదటిసారి.