కాటాకి కాటా

అదీకాక, మార్చుకోవడం అయిపోతే ఆమె మళ్ళీ ఎందుకు వస్తుంది?

శివరామ్ ఈ ప్రశ్నను మినపగుళ్ళ బస్తా మీద ఒకసారి, శెనగపప్పు బస్తా మీద ఒకసారి పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా బరువు తగ్గలేదు. బరంపురం పెద్దబజారులో తాతలనాటి పప్పుల దుకాణం వాళ్ళది. బయట వాన పడదామా వద్దా అని ఆలోచిస్తోంది. శుక్రవారం సాయంత్రం. ఎనిమిదింటికి ఆటలో పండగ ముగిసిపోతుంది. ఈలోగా ఆమె ఛత్రపూర్ రైలు దిగి నేరుగా ఇక్కడికే వస్తుంది. వస్తుందని సంతోషం, అడుగుతుందని భయం. రెండూ ఒకేచోట కొట్టుకుంటున్నాయి.

ఆట ఫోన్‌లోది. వీధులన్నీ తిరుగుతూ, తెర మీద కనిపించే జీవాలను పట్టుకోవాలి. వాటిలో అరుదైనది కాటన్న. పాతకాలపు తూకం యంత్రానికి ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. నుదుట గుండ్రటి పలక, దాని మీద ముల్లు. పొట్టకు బదులు ఇనప పళ్ళెం, మెడకు బదులు స్ప్రింగు. సంతోషం వస్తే ముల్లు గిలగిల్లాడుతుంది. పట్టుకున్నవాడి దగ్గర ఎన్నాళ్ళు ఉన్నా అది పిల్లగానే ఉండిపోతుంది. కాటన్నలున్న ఇద్దరు పక్కపక్కన నిలబడి మార్చుకుంటేనే, రెండూ ఒక్కసారిగా పెరిగి రాజకాటాలవుతాయి. అదీ ఆటలో పండగ నడిచే ఈ వారం రోజుల్లోనే.

పోయిన ఆదివారం ఆర్యపల్లి ఒడ్డున, చేపలు తూచే చోట కాటన్న తిరుగుతోందని ఆటగాళ్ళలో పుకారు పుట్టింది. తరతరాలుగా చేప ముఖం ఎరగని ఇంట్లో పుట్టిన శివరామ్, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, ఒంటిచేత్తో ఫోన్ తిప్పుతూ వెనక్కి నడిచి, తనలాగే ఫోన్ తిప్పుతున్న ఒకమ్మాయి కాలు తొక్కాడు.

“ముక్కుతోపాటు కళ్ళూ మూసీసుకున్నారేటండి?”

“సారీ అండి. వాసన...”

“సముద్రం ఒడ్డుకొచ్చి వాసనంటారేటి. సెంటు కొట్టుకుని ఒస్తాయా సేపలు?”

చేపలమ్మే కాసమ్మ గంప దించి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. “కొంతారా నేదా? నేదంటే అడ్డు తొలగండి. నా కాటా మీద ఏటి ఎతుకుతన్నారు, దెయ్యాల్నా?”

సరిగ్గా అప్పుడే రెండు ఫోన్లూ వణికాయి. ఇద్దరూ కాసమ్మ కాటా మీదికే వంగారు, తలలు ఢీకొన్నాయి, ఇద్దరికీ చెరొక కాటన్న దొరికింది. ఆ అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు తర్వాత శివరామ్‌కు వాసన తెలియలేదు.

ఆమె పేరు విజయకుమారి. పాత్రపూర్ దగ్గర రైతుల ఇంటి పిల్ల. ఛత్రపూర్‌లో ఒక ఆఫీసులో టైపు పని, బరంపురంలో అక్క ఇంట్లో మకాం. “ఇప్పుడే మార్చీసుకుందామా?” అని అప్పుడే అడిగింది.

“ఇక్కడ నెట్ సరిగా లేదండి. మా కొట్టుకి రండి,” అన్నాడు. నెట్ నిండుగా ఉంది. మనిషి మనసు తనకు కావలసింది నేరుగా అడగదు, పక్కింటివాళ్ళ పేరు చెప్పి అడుగుతుంది.

బుధవారం ఆమె కొట్టుకొచ్చింది. చార్జింగ్ లేదన్నాడు. లక్ష్మివారం, అంటే గురువారం, మళ్ళీ వచ్చింది. ఆ రోజు అతనికి దేవుడిచ్చిన సాకు దొరికింది. ఒడియావాళ్ళు లక్ష్మీపూజ గురువారం చేస్తారు, తెలుగువాళ్ళు శుక్రవారం చేస్తారు. రెండు భాషల మధ్య బతికే ఆ ఇంట్లో ఏ లక్ష్మినీ నొప్పించలేక, రెండు రోజులూ దీపం పెట్టాక ఏదీ ఊరికే గడప దాటనివ్వరు.

“ఫోన్లో బొమ్మక్కూడానా?” అంది విజయ.

“కాటా కదండీ. తూకం సామాను.”

ఆమె అతన్ని ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. ఆ చూపును శివరామ్ రాత్రంతా తిరగేశాడు. ఏ పక్కనుంచి చూసినా అందులో నవ్వు లేదు.

వాన ఒక నిర్ణయానికి వచ్చి కురిసింది. దానితోపాటే విజయ గుమ్మంలోకి వచ్చింది, బ్యాగు నెత్తిన పెట్టుకుని.

“ఈవేళ శుక్రవారమని సెప్పకండి.”

“శుక్రవారమేనండి.”

“నాకు తెల్సు. మీ బొమ్మ పట్టుకుని పాత్రపూర్ పారిపోతాననుకుంటన్నారు. అదేదో ముందే సెప్తే రోజూ రైలు దిగి ఇలా పరిగెట్టను కదా.”

“అలాక్కాదండి,” అన్నాడు.

గల్లా దగ్గర కూర్చున్న తండ్రి వెంకటరమణమూర్తి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. “ఏటమ్మా తగువు?”

విజయ ఫోన్ చూపించి అంతా చెప్పింది. ఆయన తల పంకించాడు. “దీపం ఎట్టీసేక ఏదీ ఇవ్వకూడదు తల్లీ. మావాడు సెప్పింది నిజమే.”

శివరామ్‌కు ప్రాణం లేచివచ్చింది. వెంటనే సిగ్గేసింది. తను గెలిచాడు, ఆమె వెళ్ళిపోతుంది. ఇలాంటి గెలుపు ఏం చేసుకోవాలి?

ఆ మధ్యలోనే టిఫిన్ హోటల్ ఢిల్లీశ్వరరావు వచ్చి, శెనగపప్పు తూయించుకుని, మూట చంకన పెట్టుకుని గడప దాటాడు. విజయ ఆ మూట వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

“మరి ఆయనకి ఇచ్చేరు కదండి.”

“అది ఇవ్వడం కాదమ్మా. అమ్మడం.”

“మాది మాత్రం ఇవ్వడమేటండి? కాటాకి కాటా. మీ అబ్బాయిది నాకు, నాది మీ అబ్బాయికి.”

వెంకటరమణమూర్తి ముఖంలో తండ్రి తప్పుకుని వర్తకుడు వచ్చాడు. “రెండూ ఒకటే రకమా?”

“ఒకటే. వెంట్రుకంత తేడా లేదు.”

“అయితే మారకం. యాపారమే అది. దీపాలేళ ఒచ్చిన బేరం తిప్పీకూడదు. ఒరే, మార్చీరా.”

లోపలినుంచి తల్లి వాసవీకుమారి తువ్వాలుతో వచ్చింది. “పిల్ల తడిసి ముద్దయిపోతంటే బేరమేటండి. ఇదిగో తల్లీ, తుడుసుకో. ఇదీ ఇవ్వకూడదంటారేటి ఈయన?”

“అది మళ్ళీ మనకే ఒస్తాది కదే,” అన్నాడు వెంకటరమణమూర్తి, నిజంగానే ఆలోచించి.

విజయ నవ్వు ఆపుకుని శివరామ్ పక్కకు వచ్చి నిలబడింది. ఫోన్లు రెండూ బల్ల మీద పక్కపక్కన. రెండు కాటన్నల ముళ్ళూ ఆగకుండా వణుకుతున్నాయి. ఆమె తన వైపు ‘మార్చు’ నొక్కేసింది. అతని తెర మీద అదే మాట వెలుగుతోంది. వేలు దాని మీదికి వెళ్ళి గాల్లోనే ఆగింది.

“ఇంకేటండి? ఇప్పుడు ఏ లక్ష్మి అడ్డొచ్చింది?”

“ఆదివారం నెట్ బాగానే ఉందండి.”

“తెల్సు. నా ఫోన్లో నిండుగా ఉంది.”

“బుధవారం చార్జింగ్ కూడా...”

“సూసేను. అందుకే నన్ను నమ్మట్లేదనుకున్నాను.”

“మార్చీసుకుంటే మీరు మళ్ళీ రారేమోనని.”

వెంకటరమణమూర్తికి ఉన్నట్టుండి లోపలి గదిలో ఏదో పని గుర్తొచ్చింది. వాసవీకుమారికి మాత్రం ఏ పనీ గుర్తు రాలేదు.

విజయ తువ్వాలు మెడ చుట్టూ వేసుకుంది. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి.

“పప్పుల కొట్టు ఎట్టుకుని, మనిషి మళ్ళీ రాదని బెంగెట్టుకున్నోళ్ళని ఇప్పుడే సూస్తన్నాను. మా ఇంట్లో కందిపప్పు అయిపోదేటి?”

“పప్పు కోసమేనా?”

“అది మార్చేక సెప్తాను. టైమైపోతంది, ముందు నొక్కండి.”

ఏం చెబుతుందో తెలియదు. ఇక సాకుగా చెప్పుకోవడానికి నెట్ లేదు, చార్జింగ్ లేదు, లక్ష్మివారం లేదు, శుక్రవారం లేదు. అతనూ ఆమే ఉన్నారు, మధ్యలో వానచప్పుడు ఉంది.

శివరామ్ బొటనవేలు కిందికి దించాడు.